చీర కింద లంగా, రంగు కింద ప్రైమర్

"ఏందండీ, ఆ తలుపొక్కటీ నల్ల లంగా మీద ఎర్ర చీర కట్టినట్టుంది?"

రంగు వేయించుకుని కారు తెచ్చి గేటు ముందు ఆపానో లేదో, మా ఆవిడ అన్న మొదటి మాట ఇది. నేను నెల్లూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. కాంతి పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కే లేదు. అయినా ఆమె మాటలో ఉన్న ఫిజిక్స్ నా బుర్రకెక్కడానికి వారం పట్టింది.

జరిగింది చిన్న విషయమే. రివర్స్ తీస్తుంటే వెనక తలుపు గేటు స్తంభానికి రాసుకుంది. ఒక షెడ్డులో టింకరింగ్ చేయించి, లప్పం పెట్టించి, రంగు కొట్టించాను. నీడలో చూస్తే బాగానే ఉంది. ఎండలోకి తెస్తే మూడు తలుపులు మిరపపండులా ఉన్నాయి, నాలుగోది మాత్రం ఎండుమిరపకాయలా నల్లబడి ఉంది. రంగు కలపడంలో తేడా చేశారని నా అనుమానం. షెడ్డు వాళ్ళు కోడ్ చీటీ చూపించారు. కారు మీద ఉన్న రంగు కోడ్‌ను బట్టి కంప్యూటర్ ఫార్ములా ఇస్తుంది, దాని ప్రకారం ఒక్కో రంగునూ గ్రాముల్లో తూచి కలుపుతారు. ఏ గ్రామూ తప్పలేదు. ఇక నేనేం మాట్లాడను?

తరవాత ఇంకో చోట పనిచేసే పెద్ద వయసు పెయింటరుకు చూపించాను. ఆయన తలుపు మీద వేలు కూడా పెట్టలేదు. కింద అంచు దగ్గర రంగు పలచబడ్డ చోటు వంగి చూసి, "పైన తప్పేం లేదు సార్, కింద ఉండాది తప్పు. నల్ల ప్రైమర్ ఏసి రెండే కోట్లు కొట్టినారు" అన్నాడు. ప్రైమర్ అంటే అసలు రంగుకు ముందు వేసే అడుగు పూత, కోటు అంటే ఒక విడత పూత. ఆరా తీస్తే నిజమే. వేరే బండి కోసం తెచ్చిన ముదురు ప్రైమర్ డబ్బాలో మిగిలి ఉంటే, దాన్నే నా తలుపుకూ వాడారట. "ప్రైమర్ ఎట్టాగూ కనపడదు కదా సార్" అని వాళ్ళ జవాబు.

కనపడుతుంది. అసలు సంగతంతా అక్కడే ఉంది.

రంగు అంటే మూత అని మనకో నమ్మకం. గిన్నె మీద మూత పెడితే లోపలిది కనపడనట్టు, రేకు మీద రంగు కొడితే కిందిది కనపడదనుకుంటాం. కారు రంగు మూతలాంటిది కాదు, వెంకటగిరి నూలు చీరలాంటిది. అంత సన్నని నేత కింద ఏ రంగు లంగా ఉందో ఎండలో తెలిసిపోతుంది. అందుకే మన ఆడవాళ్ళు చీర ముక్క చేతపట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌లో ఇరవై లంగాలు తీయిస్తారు. వెలుతురు చీరలోంచి లోపలికి వెళ్ళి, లంగాను తాకి, మళ్ళీ చీరలోంచే బయటికి వస్తుంది. మన కంటికి చేరేది ఆ రెండూ కలిసిన రంగు. కారు మీద జరిగేదీ అంతే. ఆ చీర మందం ఎంతంటే, మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, కారు మీద అసలు రంగుండే పొర 15 నుంచి 20 మైక్రాన్లు. వెంట్రుకలో మూడో వంతు కూడా లేని పొరను మూత అనుకోవడం మన పొరపాటు.

మరి ఏ రంగైనా కింది దాన్ని ఎలా దాస్తుంది? మైపాడు బీచ్‌లో న్యూస్‌పేపర్లో చుట్టిచ్చే మిరపకాయ బజ్జీలు గుర్తు చేసుకోండి. పొడిగా ఉన్న కాగితం తెల్లగా ఉంటుంది, వెనక పేజీ అక్షరాలు పెద్దగా కనపడవు. నూనె ఇంకిన చోట మాత్రం కాగితం గాజులా మారి, అవతలి వైపు వార్త తిరగేసి చదువుకోవచ్చు. కాగితం పీచుకూ గాలికీ వక్రీభవన గుణకంలో, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకెలో, తేడా ఎక్కువ. అందుకే కాంతి అడుగడుగునా విరిగి, చెదిరి, వెనక్కి వచ్చేస్తుంది. పీచు గుణకం సుమారు 1.5, నూనెదీ దాదాపు అంతే. గాలి ఉన్న ఖాళీల్లోకి నూనె చేరగానే కాంతికి పీచేదో నూనేదో తేడా తెలియదు, నేరుగా దూసుకుపోతుంది.

పెయింటులోనూ ఇదే కథ. రంగు పొడిని పట్టి ఉంచే జిగురు గుణకం కూడా సుమారు 1.5. తెల్ల పెయింటులో వాడే టైటానియం డయాక్సైడ్‌ది 2.7 దాకా ఉంటుంది. తేడా అంత ఉంది కాబట్టి, దాని రేణువులు మైక్రానులో నాలుగో వంతు సైజులో ఉన్నా కాంతిని గట్టిగా చెదరగొడతాయి. తెలుపు దాస్తుంది. నలుపూ దాస్తుంది, కానీ చెదరగొట్టి కాదు, మింగేసి. మధ్యలో ఇబ్బంది పెట్టేవి శుద్ధమైన ఎరుపులు, పసుపులు. ఇప్పుడు కార్లకు వాడే మెరిసే ఎరుపుల్లో చాలావరకు సేంద్రియ వర్ణకాలు, అంటే కార్బన్ సమ్మేళనాలతో చేసిన రంగు పొడులు. వాటి రేణువులు చాలా సన్నం, కాంతిని చెదరగొట్టే శక్తి తక్కువ. వెనకటి రోజుల్లో పసుపుకు సీసం క్రోమేట్ వాడేవారు. అది చక్కగా దాచేది. సీసం విషమని తెలిశాక దాన్ని వదులుకుంటూ వచ్చారు. మంచి పనే చేశారు, కాకపోతే పెయింటరు కొట్టాల్సిన కోట్లు పెరిగాయి.

నా ఎర్ర తలుపుకు చిన్న లెక్క కడదాం. ఎర్ర వర్ణకం నీలం, ఆకుపచ్చ కాంతులను తాగేస్తుంది. ఎర్ర కాంతిని మాత్రం ముట్టుకోకుండా చాలావరకు కిందికి వదిలేస్తుంది. ఆ ఎర్ర కాంతి తిరిగొస్తుందా లేదా అన్నది ప్రైమర్ చేతిలో ఉంది. ఒక్కో కోటు సగం ఎర్ర కాంతిని కిందికి పంపుతుందని సులువు కోసం అనుకుందాం. వెళ్ళేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం, అంటే నాలుగో వంతు. కింద 80 శాతం తిప్పిపంపే తెల్ల ప్రైమర్ ఉంటే నూటికి 20 పాళ్ళు వెనక్కొస్తాయి. 5 శాతమే తిప్పిపంపే నల్ల ప్రైమర్ ఉంటే 1.25. రెండో కోటుకు ఈ అంకెలు 5, 0.3 అవుతాయి. మూడో కోటుకు 1.25, 0.08. ఆ తరవాత తేడా పట్టుకోవడం కంటికి కష్టం. నాకు రెండో కోటు దగ్గరే ఆపేశారు! కాంతి రానూ పోనూ రెండుసార్లు పొరను దాటాలి కాబట్టి, ఒక్క కోటు పెరిగినా ప్రైమర్ ప్రభావం సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది.

అయితే అన్నిటికీ తెల్ల ప్రైమరే వేస్తే పోలా? నేనూ అదే అడిగాను. పెద్దాయన నవ్వాడు. తెలుపు మీద ముదురు ఎరుపు కొడితే అది కుంకుమ నీళ్ళలా వెలిసినట్టు కనపడుతుంది, దాన్ని దించడానికి ఐదో కోటు, ఆరో కోటు. కోట్లు పెరిగితే రంగు జారుతుంది, థిన్నర్ లోపలే చిక్కుకుని తరవాత పొక్కులొస్తాయి. ఆయన అనుభవంతో చెప్పిన దాన్ని 1931లో పాల్ కుబెల్కా, ఫ్రాంజ్ ముంక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సమీకరణాల్లో రాశారు. ఒక పూత ఎంత తాగుతుంది, ఎంత చెదరగొడుతుంది అనే రెండు అంకెలతో, దాని మందాన్నీ అడుగునున్న రంగునూ బట్టి పైకి ఏం కనపడుతుందో లెక్కగట్టే పద్ధతి అది. రంగులు కలిపే కంప్యూటర్లు ఇప్పటికీ ఆ దారినే నడుస్తాయి. అందులోంచి తేలే ఒక ఫలితం నాకు భలే నచ్చింది. పూత ఎంతో మందంగా ఉన్నప్పుడు ఎంత కాంతిని తిప్పిపంపుతుందో, కింది పొర కూడా సరిగ్గా అంతే పంపితే, మొదటి కోటు నుంచే రంగు మారదు. ఒక కోటైనా పది కోట్లైనా ఒకటే.

అందుకే పెయింటు కంపెనీలు తెలుపు నుంచి నలుపు దాకా బూడిద రంగు ప్రైమర్లను మెట్లు మెట్లుగా అమ్ముతాయి. ఎరుపు కింద బూడిద రంగేమిటని ఆశ్చర్యపోకండి. ఇక్కడ చూడాల్సింది రంగు కాదు, దాని వెలుగు. మీ ఫోనులో కారు ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఎరుపు పోయి ఒక బూడిద రంగు మిగులుతుంది కదా, సుమారుగా ఆ బూడిద ప్రైమరే కింద ఉండాలి.

పసుపు కార్ల వాళ్ళ అవస్థ ఇంకో రకం. ముదురు ప్రైమర్ మీద పసుపు పలచగా పడితే అది మురికి పసుపు అవదు, పచ్చికాయ రంగులోకి తిరుగుతుంది. నలుపు మీద పలచగా కొట్టిన తెలుపు నీలిగా కనపడుతుంది. నల్ల పళ్ళెంలో నీళ్ళ పాలు రెండు చుక్కలు వేసి చూడండి, అంచుల్లో అదే నీలి ఛాయ. సన్నని రేణువులు నీలం కాంతిని ఎక్కువగా చెదరగొట్టి వెనక్కి పంపుతాయి, మిగతాది నలుపులో మునిగిపోతుంది. ఆకాశం నీలంగా ఉండడానికి కారణమూ దాదాపు ఇదే. అక్కడ నల్ల ప్రైమర్ అంతరిక్షం.

ఇక పెర్ల్ రంగులు. మన జిల్లా వాళ్ళం ఈ ముక్క చదవకుండా పోకూడదు. ముత్యంలా మెరిసే కార్లలో ఆ మెరుపుకు మూలం చాలాసార్లు అభ్రకం, మనం మైకా అనేదే. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు తిరిగిన వాళ్ళకు మట్టిలో తళుక్కుమనే ఆ రేకులు కొత్త కాదు. కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉండే నెల్లూరు మైకాకు ఒకప్పుడు విదేశాల్లో పేరుండేది. రేడియో వాల్వుల్లోకి, ఇస్త్రీ పెట్టెల్లోకి కరెంటు ఆపే పొరగా వెళ్ళేది. పెర్ల్ రంగు కోసం మైకాను సన్నటి రేకులుగా నూరి, వాటి మీద టైటానియం డయాక్సైడ్ పూత పూస్తారు. పూత కొన్ని పదుల నానోమీటర్లుంటే (నానోమీటరు మైక్రానులో వెయ్యో వంతు) వెండి మెరుపు. మందం పెంచుతూ పోతే బంగారు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ వరసగా వస్తాయి. రోడ్డు మీద నీళ్ళలో తేలే డీజిల్ తెట్టు రంగులు చూపించడంలో ఉన్న కిటుకే ఇది, కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలవడం.

ఈ రేకు రంగును తాగదు, పంచుతుంది. నీలం మెరుపు రేకు నీలాన్ని పైకి పంపి, దానికి ఎదురు రంగైన పసుపును కిందికి వదులుతుంది. కింద తెలుపు ఉంటే ఆ పసుపు కూడా వెనక్కొచ్చి నీలంతో కలుస్తుంది. రెండూ ఒకదాన్నొకటి చెరుపుకుని, పాలిపోయిన తెలుపు మిగులుతుంది. కింద నలుపు ఉంటే పసుపు అక్కడే ఆరిపోయి, నీలం ఒక్కటే భగ్గుమంటుంది. ఒకే డబ్బా, ఒకే స్ప్రే గన్, రెండు వేరే కార్లు! నెమలికి ఈ సంగతి మనకంటే ముందు తెలుసు. దాని ఈకలో నీలం వర్ణకం లేదు. మెలనిన్ అనే నల్ల వర్ణకపు కడ్డీల అతి సన్నని అల్లికే ఆ రంగులు పుట్టిస్తుంది, మిగతా కాంతిని తాగేసేదీ ఆ నల్లని మెలనినే. తెల్ల నెమలి ఈకల్లో మెలనిన్ లేదు, ఆ రంగులూ లేవు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలు అంతలా వెలగడానికి కూడా చుట్టూ ఉన్న నలుపే సాయం చేస్తుంది. అదే తెల్లరాయిలో పొదిగితే వాటి వంక ఎవరూ తిరిగి చూడరు.

మెటాలిక్ వెండి రంగుల్లో అల్యూమినియం రేకులు అద్దాల్లాంటివి, కాంతిని కిందికి పోనివ్వవు. కాబట్టి అక్కడ ప్రైమర్ గొడవ తక్కువ. రేకులు పడుకున్నాయా నిలబడ్డాయా అన్న గొడవ ఎక్కువ. రోహిణి కార్తె ఎండలో గన్ నుంచి వచ్చిన తుంపర కారు మీద పడేలోపే ఆరిపోయి వెండి రంగు తెల్లబారుతుంది. అది వేరే వ్యాసం.

పెద్దాయన నా తలుపును వాటర్ పేపర్‌తో రుద్ది, మధ్యస్తంగా ఉండే బూడిద ప్రైమర్ కొట్టాడు. మూతికి రుమాలు ఒక్కటే కట్టుకున్నాడు. రంగు గట్టిపడడానికి కలిపే హార్డ్‌నర్‌లో ఉండే ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఆస్తమా తెస్తాయి, రుమాలు ఆపదు, మంచి మాస్క్ పెట్టుకోమన్నాను. "అలవాటైపోయింది సార్" అన్నాడు. ఎరుపు కొట్టే ముందు, తలుపు పక్కన కప్పిన కాగితం మీద నలుపు తెలుపు గళ్ళున్న స్టిక్కర్ ఒకటి అంటించాడు. తలుపుతో పాటు దాని మీదా గన్ తిప్పాడు. మొదటి కోటుకు గళ్ళు స్పష్టంగా ఉన్నాయి. రెండో కోటుకు మసకబారాయి. నాకు చాలనిపించింది, ఆయన తల అడ్డంగా ఊపాడు. మూడో కోటుకు ఏది నల్ల గడో ఏది తెల్ల గడో నా కళ్ళకు తెలియలేదు. అప్పుడు గన్ కింద పెట్టాడు.

మొన్న కావలి వెళ్ళొస్తుంటే హైవే మీద ముందున్న టిప్పర్ నుంచి కంకర రాయి ఎగిరొచ్చి అదే తలుపుకు తగిలింది. ఇంటికొచ్చి ఎంత వెతికినా దెబ్బ కనపడలేదు. చివరికి వేలితో తడిమితే దొరికింది, బియ్యపు గింజంత పెచ్చు, లోపల బూడిద రంగు. మా ఆవిడను పిలిచి ఎక్కడుందో చెప్పుకోమన్నాను. రెండు నిమిషాలు చూసి, "నాకు వంటింట్లో పనుంది" అని వెళ్ళిపోయింది.