డాల్టన్ ట్రంబో: అపోహలు - వాస్తవాలు

నేను స్క్రీన్‌ప్లే రైటర్‌ని. కథాచర్చల్లో కొత్త రైటర్లు హాలీవుడ్ స్క్రీన్‌ప్లే రైటర్ డాల్టన్ ట్రంబో పేరు తరచుగా ఎత్తుతుంటారు. ఆయనంటే నాకు ప్రాణం. అందుకే తప్పుగా చెబితే ఊరుకోలేను.

అపోహ: ఆయనకు మొదట్నుంచీ రాత కలిసొచ్చింది.
వాస్తవం: 1905లో కొలరాడోలో పుట్టిన ట్రంబో, లాస్ ఏంజెలెస్‌లో దాదాపు ఎనిమిదేళ్లు రాత్రిపూట బేకరీలో పనిచేశారు. ఆ అలసటలోనే కథలూ నవలలూ రాశారు. చాలావరకు తిరిగొచ్చాయి.

అపోహ: దేశద్రోహం చేసి జైలుకెళ్లారు.
వాస్తవం: ఆయన కమ్యూనిస్టు పార్టీలో ఉన్నమాట నిజం. కానీ జైలు అందుకు కాదు. 1947లో సినిమారంగంలో కమ్యూనిస్టుల గురించి విచారించిన అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) కమిటీ అడిగిన ప్రశ్నలకు జవాబివ్వనందుకు, సభాధిక్కారం కింద 1950లో జైల్లో పెట్టారు.

అపోహ: ఆ గొడవతో స్టూడియోలు ఆయనకు పని ఇవ్వకుండా నిషేధించాక ఆయన రాయడం మానేశారు.
వాస్తవం: మానలేదు, తెరమీద పేరు మాత్రం పోయింది. 'రోమన్ హాలిడే' కథ ఆయనదే. మిత్రుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ తన పేరు అరువిచ్చారు. 1953లో వచ్చిన ఆ సినిమా కథకు ఆస్కార్ కూడా హంటర్ పేరునే వచ్చింది. జైలు నుంచి వచ్చాక కుటుంబంతో మెక్సికో వెళ్లి, తక్కువ డబ్బుకే మారుపేర్లతో రాశారు. ఒక కుర్రాడు, అతని ఎద్దు కథ 'ది బ్రేవ్ వన్'కు 1957లో ఆస్కార్ ప్రకటిస్తే, 'రాబర్ట్ రిచ్' అనే రచయిత వేదిక ఎక్కలేదు. భార్య ప్రసవమని చెప్పి వేరొకరు అందుకున్నారు. అసలు ఆ పేరుగల రచయితే లేడు! పేరు పడని స్క్రిప్టులు నేనూ రాశాను. థియేటర్లో టైటిల్స్ పడుతుంటే గొంతు పట్టేయడం నాకు తెలుసు. పదమూడేళ్లు అలా రాస్తూ కూర్చోవడం నా ఊహకు అందదు.

అపోహ: ఆ నిషేధాన్ని నటుడు కిర్క్ డగ్లస్ ఒక్కడే బద్దలుకొట్టాడు.
వాస్తవం: డగ్లస్ తన సినిమా 'స్పార్టకస్' టైటిల్స్‌లో ట్రంబో పేరు వేయడం పెద్ద ధైర్యమే. కానీ 1960 జనవరిలోనే దర్శకుడు ఆటో ప్రెమింజర్, తన సినిమా 'ఎక్సోడస్' రచయిత ట్రంబోయేనని బహిరంగంగా చెప్పారు.

అపోహ: దాంతో అన్యాయమంతా సరిపోయింది.
వాస్తవం: 'ది బ్రేవ్ వన్' ఆస్కార్ 1975లో ఆయన చేతికొచ్చింది. మరుసటి ఏడాదే పోయారు. 'రోమన్ హాలిడే' ఆస్కార్‌ను 1993లో ఆయన భార్య క్లియో అందుకున్నారు. ఆ సినిమా రచయితల్లో ఆయన పేరును అక్కడి రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ చేర్చింది 2011లో. అప్పటికి ఆయన పోయి 35 ఏళ్లు.