వంతెన వెనుక మహిళ: ఒక శీర్షికకు ఉన్న వందేళ్ల చరిత్ర

2025 జూన్ 6న జమ్మూ కశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో చీనాబ్ రైలు వంతెన ప్రారంభమైంది. నదీగర్భం నుంచి 359 మీటర్ల ఎత్తు, 1,315 మీటర్ల పొడవు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు తెలుగు పత్రికల్లో, టీవీల్లో ఒకే పేరు మారుమోగింది. ప్రకాశం జిల్లాలో పుట్టి, కాకినాడలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్, మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీ చేసి, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా ఉన్న గాలి మాధవీలత పేరు అది. వంతెన వెనుక ఉన్న మహిళ, అసాధ్యాన్ని సుసాధ్యం చేసిన వనిత అంటూ ఆమెను కీర్తించారు.

మాధవీలత సామాజిక మాధ్యమంలో వివరణ ఇచ్చారు. ఆ వర్ణనలకు ఆధారం లేదని, ఈ వంతెన కోసం పనిచేసిన వేలమందిలో తాను ఒకరినని రాశారు. కొండవాలు జారిపోకుండా నిలబెట్టే ప్రణాళికల్లోనూ, ఆ వాలుపై వేసే పునాదుల రూపకల్పనలోనూ నిర్మాణ సంస్థకు సాయపడటమే తన పాత్ర అని చెప్పారు. తనకు అనవసరమైన ప్రఖ్యాతి కల్పించవద్దని కోరారు. చాలామంది దీన్ని ఆమె వినయానికి గుర్తుగా చదివారు. నాకు అందులో వినయం కన్నా ముందు వాస్తవం పట్ల పట్టుదల కనిపించింది. తప్పు లెక్కను సరిచేసినంత సూటిగా తప్పు వార్తను సరిచేశారామె.

ఆ హడావిడిలో ఆమె చేసిన పని ఏమిటో చెప్పిన కథనాలు తక్కువ. చీనాబ్ లోయలో రాయి పగుళ్లతో, అతుకులతో నిండి ఉంటుంది. పైనుంచి చూసి వేసిన అంచనా తవ్వాక నిలవదు. అందుకే మొదట గీసిన డిజైన్‌ను పట్టుకుని కూర్చోకుండా, తవ్వకంలో బయటపడిన రాతి స్థితిని బట్టి ఎప్పటికప్పుడు డిజైన్‌ను మార్చుకుంటూ ముందుకు వెళ్లారు. ఈ పద్ధతి గురించి మాధవీలత స్వయంగా ఒక సాంకేతిక పత్రికలో వ్యాసం రాశారు. పదిహేడేళ్ల పని అది. ఇంత గొప్ప కథ చేతిలో ఉండగా అద్భుతం అనే ఒక్క మాటతో ఎందుకు సరిపెట్టుకున్నాం? మహిళా శాస్త్రవేత్తల గురించి రాసే తీరుకు ఉన్న పాత అలవాట్లలో దీనికి జవాబు దొరుకుతుంది.

ఆ అలవాట్లు మన దగ్గర పుట్టినవి కావు. 1911లో మేరీ క్యూరీకి రెండో నోబెల్ ప్రకటించిన రోజుల్లో పారిస్ పత్రికలు ఆమె పరిశోధనను పక్కనబెట్టి, భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్‌తో ఆమె సాన్నిహిత్యాన్ని వీధికెక్కించాయి. బహుమతి అందుకోవడానికి రావద్దని నోబెల్ వర్గాల నుంచే ఆమెకు ఉత్తరం వచ్చింది. తన శాస్త్రీయ కృషికీ వ్యక్తిగత జీవితానికీ సంబంధం లేదని బదులిచ్చి, ఆమె స్టాక్‌హోమ్ వెళ్లి బహుమతి తీసుకున్నారు.

అర్ధ శతాబ్దం గడిచాక నింద పోయి, దాని స్థానంలో గృహిణి వచ్చింది. పరమాణు కేంద్రకం నిర్మాణంపై కృషికి 1963లో మరియా గోపర్ట్ మేయర్‌కు నోబెల్ వస్తే, ఆమె ఉంటున్న శాన్ డియాగోలోని పత్రిక తమ ఊరి తల్లికి నోబెల్ అని శీర్షిక పెట్టింది. మరుసటి ఏడాది డొరొతీ హాడ్జ్‌కిన్ వంతు. పెన్సిలిన్, విటమిన్ బి12 అణువుల నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో ఛేదించిన ఆమెను బ్రిటిష్ పత్రిక డెయిలీ మెయిల్ ఆక్స్‌ఫర్డ్ గృహిణిగా పరిచయం చేసింది. ఇదంతా పాతకాలం సంగతి అనుకోవడానికి లేదు. ఉపగ్రహాలను కక్ష్యలో నిలిపే చోదక వ్యవస్థను రూపొందించిన రాకెట్ శాస్త్రవేత్త ఇవాన్ బ్రిల్ 2013లో మరణించినప్పుడు, న్యూయార్క్ టైమ్స్ సంతాప కథనం ఆమె వండే మాంసం కూరను మెచ్చుకుంటూ మొదలైంది. పాఠకులు తీవ్రంగా అభ్యంతరం చెప్పాక ఆ వాక్యాన్ని మార్చారు.

మన దేశంలో మొదటి తరం మహిళా శాస్త్రవేత్తలకు ఈ గృహిణి శీర్షికలు కూడా దక్కలేదు. వాళ్ల గురించి వార్తలే లేవు. మాధవీలత పనిచేస్తున్న భారతీయ విజ్ఞాన సంస్థనే తీసుకుందాం. 1933లో బొంబాయిలో డిగ్రీ మంచి మార్కులతో పూర్తిచేసిన కమలా భాగవత్ అక్కడ పరిశోధనకు దరఖాస్తు చేశారు. సంస్థ డైరెక్టర్ సి.వి. రామన్ ఆడపిల్లలను తీసుకోబోమన్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు. చివరికి రామన్ ఏడాది పరిశీలన షరతు మీద ఒప్పుకున్నారు. పని నాణ్యత తనకు నచ్చాకే ఆమె ప్రవేశానికి గుర్తింపు, తోటి మగవాళ్ల పనికి ఆమె వల్ల ఆటంకం కలగకూడదు. ఆ అవమానాన్ని తాను ఎన్నటికీ మరచిపోలేనని ఆమె దశాబ్దాల తర్వాత ఒక సభలో చెప్పారు. కమలా సొహోనీగా ప్రసిద్ధికెక్కిన ఆమె కేంబ్రిడ్జ్‌లో వృక్ష కణజాలంలో సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్‌ను గుర్తించి 1939లో పీహెచ్‌డీ పొందారు. రామన్ గురించి పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న మనలో ఎంతమందికి ఈ అధ్యాయం తెలుసు? రామన్ గొప్పతనాన్ని తగ్గించడానికి అడగడం లేదు. ఆ గొప్ప ప్రయోగశాల తలుపు ఎవరికి తెరుచుకుంది, ఎవరికి తెరుచుకోలేదు అన్నదీ విజ్ఞానశాస్త్ర చరిత్రలో భాగమే.

అదే ప్రయోగశాలలో 1940లలో వజ్రాల కాంతి ధర్మాలపై పనిచేసిన అన్నా మణి అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు పీహెచ్‌డీ ఇవ్వలేదు. తర్వాత ఆమె వాతావరణ శాఖలో చేరి, అప్పటిదాకా విదేశాల నుంచి తెప్పించుకున్న పరికరాలను ఇక్కడే తయారుచేయించారు. దేశంలో ఎక్కడ ఎంత ఎండ కాస్తుందో కొలిపించి, ఆ లెక్కలను పుస్తకంగా తెచ్చారు. ఇవాళ సౌర విద్యుత్తు గురించి మాట్లాడే ప్రతివారూ ఆ పనికి రుణపడి ఉన్నారు. 2001లో ఆమె కన్నుమూశారు. చాలామంది కొత్త తరం పాఠకులు ఆమె పేరును మొదటిసారి చూసింది 2022 ఆగస్టులో, జయంతి రోజున గూగుల్ పెట్టిన బొమ్మలో.

ఈ మౌనాన్ని ఛేదించే ప్రయత్నం శాస్త్రవేత్తల నుంచే వచ్చింది. 2008లో రోహిణీ గోడ్బోలే, రామ్ రామస్వామి సంపాదకత్వంలో భారతీయ విజ్ఞాన అకాడమీ దాదాపు వందమంది భారతీయ మహిళా శాస్త్రవేత్తల జీవితాలను ఒక సంపుటంగా తెచ్చింది. జీవించి ఉన్నవారు తమ కథను తామే రాసుకున్నారు. వార్తాపత్రికలు చేయవలసిన పనిని అకాడమీ చేయాల్సి వచ్చింది.

అసలు మలుపు 2014 సెప్టెంబర్ 24న వచ్చింది. మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజు బెంగళూరులో తీసిన ఒక ఫొటో ప్రపంచమంతా తిరిగింది. పట్టుచీరలు, తలలో పూలు, ఒకరినొకరు అభినందించుకుంటూ నవ్వుతున్న మహిళలు. తెల్లకోటు వేసుకున్న మగ మేధావి బొమ్మను ఆ ఒక్క ఫొటో బద్దలు కొట్టిందని అందరూ సంబరపడ్డారు. ఆ సంబరం అబద్ధం కాదు. కానీ ఫొటోలో ఉన్నవారు పరిపాలన విభాగం ఉద్యోగులని ఇస్రో తర్వాత స్పష్టం చేసింది. ప్రాజెక్టులో పనిచేసిన మహిళా శాస్త్రవేత్తలు చాలామందే ఉన్నారు. వ్యోమనౌక తనంతట తాను నిర్ణయాలు తీసుకునే వ్యవస్థపై పనిచేసిన రితు కరిధాల్, ఆపరేషన్ల బాధ్యతల్లో ఉన్న నందినీ హరినాథ్, మీథేన్‌ను పసిగట్టే పరికరంపై పనిచేసిన మౌమితా దత్తా వంటివారు. ఆ పేర్లు జనంలోకి రావడానికి ఇంకా కొంతకాలం పట్టింది. చిత్రం ముందు వచ్చింది, మనుషులు వెనుక వచ్చారు. ఎవరు ఏం చేశారన్న వివరం అన్నిటికన్నా వెనుకబడింది.

2019 ఆగస్టు 15న ఇదే ప్రయోగంపై హిందీ సినిమా ‘మిషన్ మంగళ్’ వచ్చింది. అయిదుగురు మహిళా శాస్త్రవేత్తలు ప్రధాన పాత్రలు కావడం మంచి విషయమే. అయినా పోస్టర్‌లో కథానాయకుడి ముఖం అందరికన్నా పెద్దదిగా ఉండటం విమర్శలకు దారితీసింది. పోస్టర్ కన్నా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది పూరీల సన్నివేశం. నూనె కాగాక పొయ్యి ఆపినా పూరీలు వేగుతాయన్న గమనింపు నుంచి ఇంధనం ఆదా చేసే ఆలోచన పుట్టినట్టు చూపించారు. నిజానికి ఈ ప్రయోగానికి వాడిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌కు వ్యోమనౌకను నేరుగా అంగారకుడి వైపు పంపే శక్తి లేదు. అందుకే భూమి చుట్టూ తిప్పుతూ, ప్రతిసారీ సరైన చోట ఇంజన్ మండించి, కక్ష్యను మెల్లమెల్లగా సాగదీశారు. సంవత్సరాల గణితం, పరీక్షలు, వాదోపవాదాలు కలిసి చేసిన పని అది. వంటింటి అనుభవం చిన్నదని నేను అనను. కానీ మగ శాస్త్రవేత్త ఆలోచన నల్లబల్ల దగ్గర పుడుతుంది, ఆడ శాస్త్రవేత్త ఆలోచన పొయ్యి దగ్గర పుడుతుంది అని తెర మళ్లీ మళ్లీ చూపిస్తే, మరియా మేయర్ కాలం నాటి శీర్షికే సినిమా రూపంలో తిరిగొచ్చినట్టు.

తెలుగు తెర ఇంకా వెనుకబడి ఉంది. 1991 నాటి ‘ఆదిత్య 369’ను ఇష్టపడని వారు అరుదు. అందులో కాలయంత్రాన్ని తయారుచేసేది ప్రొఫెసర్, కథానాయిక ఆ ప్రొఫెసర్ కూతురు. కథానాయిక తానే ప్రొఫెసర్ అయ్యే తెలుగు సినిమాను గుర్తుచేసుకోవడానికి చాలాసేపు ఆలోచించాలి.

వీటి ప్రభావం ఎంత అన్నదానికి పిల్లల బొమ్మలు కొంత సాక్ష్యం చెబుతాయి. డేవిడ్ వేడ్ ఛాంబర్స్ అనే పరిశోధకుడు 1966 నుంచి 1977 వరకు 4,807 మంది పిల్లల చేత శాస్త్రవేత్త బొమ్మ గీయించారు. మహిళను గీసినవారు 28 మంది. అందరూ ఆడపిల్లలే. అమెరికాలో తర్వాతి దశాబ్దాల్లో ఈ పరిస్థితి బాగా మెరుగైందని 2018లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది. అందులోనే ఒక బాధాకరమైన సంగతి ఉంది. అయిదారేళ్ల పిల్లలు ఆడ, మగ శాస్త్రవేత్తలను ఇంచుమించు సమానంగా గీస్తారు. పెద్ద తరగతులకు వెళ్లేకొద్దీ మగ బొమ్మలు ఎక్కువవుతాయి. ఆ బొమ్మను పిల్లలు మధ్యలో ఎక్కడో నేర్చుకుంటున్నారు. చుట్టూ కనిపించేదాని నుంచే నేర్చుకుంటున్నారు.

ఇక మన పత్రికల సంగతి. శాస్త్రవేత్త గురించిన వార్త చాలాసార్లు ఆమె స్వగ్రామం నుంచి వస్తుంది. స్థానిక విలేకరి తల్లిదండ్రులను కలుస్తారు, చదివిన బడికి వెళ్తారు, ఇంటినీ ఉద్యోగాన్నీ ఎలా నెట్టుకొస్తున్నారని అడుగుతారు. ఆ విలేకరిని తప్పుపట్టలేం. పరిశోధన వివరాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, వాటిని అడిగి అర్థం చేసుకునే సైన్స్ విభాగం తెలుగు పత్రికల్లో దాదాపు లేదు, గడువు మాత్రం ఆ సాయంత్రమే. అందుబాటులో ఉన్నది కుటుంబం కాబట్టి కథ కుటుంబం చుట్టూ అల్లుకుంటుంది.

హైదరాబాద్‌కు చెందిన ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి 2016 నుంచి 2017 వరకు అంటార్కిటికాలోని భారత పరిశోధన కేంద్రం ‘భారతి’లో 403 రోజులు గడిపారు. 23 మంది బృందంలో ఆమె ఒక్కరే మహిళ. యాభై ఆరేళ్ల వయసు, గడ్డకట్టే చలి, ఇవన్నీ వార్తల్లోకి వచ్చాయి, రావలసినవే. కానీ ఇస్రో అక్కడ ఉపగ్రహ సమాచారం అందుకునే కేంద్రం ఎందుకు పెట్టింది? ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు సుమారు 14 చుట్లు తిరిగితే, అంటార్కిటికా నుంచి వాటిలో పది దాకా కనిపిస్తాయి. ఉపగ్రహం కనిపించే ఆ కొద్ది నిమిషాల్లో సమాచారాన్ని అందుకుని షాద్‌నగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రానికి పంపడం ఆమె పని. హైదరాబాద్ పక్కనే ఉన్న ఆ కేంద్రానికి ఏ జిల్లా విలేకరైనా వెళ్లి, ఆ పని ఎలా జరుగుతుందో అడిగి తెలుగులో రాయవచ్చు.