దేవుడు క్షమించాడు సరే, పదవి కూడా తిరిగిచ్చాడా? క్రీ.శ. 254 నాటి గొడవ మళ్ళీ

మళ్ళీ మొదలైంది. ఒక సేవకుడు, అంటే పాస్టర్, పాపంలో పడ్డట్టు బయటపడటం, కొన్నాళ్ళు కనిపించకపోవడం, తర్వాత వీడియోలో కన్నీళ్ళు పెట్టుకుని "ప్రభువు నన్ను క్షమించాడు" అనడం, వచ్చే ఆదివారం మళ్ళీ పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కడం. ఇదేంటండీ అని అడిగితే, దేవుడే క్షమించాక నువ్వెవరివి అడగడానికి అంటారు.

పశ్చాత్తాపం గురించి బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గర్నుంచి చెప్పక్కర్లేదు, దావీదు 51వ కీర్తన అందరికీ నోటికొచ్చు. నన్నడిగితే అసలు ముడి మూడో శతాబ్దంలో పడింది.

క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డెసియస్, అందరూ దేవతలకి బలి అర్పించి సర్టిఫికెట్ తీసుకోవాలని ఆర్డర్ వేశాడు. ఈజిప్టులో అలాంటి పత్రాలు కొన్ని దొరికాయి కూడా, "నేను ఎప్పుడూ బలులు ఇస్తూనే ఉన్నా, ఇప్పుడు మీ ఎదుట కూడా ఇచ్చి, బలి మాంసం రుచి చూశా" అన్నట్టు ఉంటాయి. కొందరు క్రైస్తవులు నిజంగానే బలి ఇచ్చారు, కొందరు డబ్బిచ్చి కాగితం కొనుక్కున్నారు, కొందరు జైలుకెళ్ళారు. హింస తగ్గాక అలా విశ్వాసం నుంచి పడిపోయినవాళ్ళు తిరిగొచ్చారు, కొంతమందైతే జైల్లో ఉన్న విశ్వాసుల దగ్గర సిఫారసు చీటీ రాయించుకుని వెంటనే ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలో) చోటు ఇమ్మని పట్టుబట్టారు. రోమ్‌లో నొవాటియన్ అనే సంఘ పెద్ద అలాంటివాళ్ళని అసలు చేర్చుకోవద్దని చీలిపోయాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్, అక్కడ 251లో జరిగిన బిషప్పుల సభ మాత్రం తలుపు మూయలేదు, కానీ ఎవరేం చేశారో విడివిడిగా చూసి, పశ్చాత్తాపానికి టైమ్ పెట్టి చేర్చుకున్నారు.

ఇక్కడిదాకా చాలామంది చెప్తారు. అసలు విషయం స్పెయిన్‌లో జరిగింది, దాన్నెవరూ తియ్యరు ఎందుకో. బసిలిడెస్, మార్షియాలిస్ అని ఇద్దరు బిషప్పులు, ఇద్దరికీ ఆ కాగితాల మచ్చ ఉంది. బసిలిడెస్ తనంతట తానే పదవి వదిలేసి, మామూలు విశ్వాసిగా బల్ల దగ్గరికి రానిస్తే చాలన్నాడు. బాగుంది కదా, కానీ తర్వాత మనసు మారి రోమ్ వెళ్ళి, జరిగింది తెలియని బిషప్ స్టీఫెన్‌ని నమ్మించి మళ్ళీ తన కుర్చీ కోసం ప్రయత్నించాడు. అప్పటికే ఆ స్థానంలో సబినస్ ఉన్నాడు. స్పెయిన్ సంఘాలు ఉత్తరం రాస్తే, 254లో సిప్రియన్‌తో కలిపి 37 మంది బిషప్పులు జవాబిచ్చారు: అలాంటివాళ్ళు పశ్చాత్తాపపడొచ్చు, సంఘంలోకి రావచ్చు, సేవకుల వరసలో మాత్రం నిలబడకూడదు. మోసపోయిన స్టీఫెన్‌ది అజాగ్రత్త, మోసం చేసినవాడిదే పెద్ద తప్పు అని కూడా రాశారు.

అంటే క్షమాపణ వేరు, బాధ్యత వేరు. ఈ రెండూ కలిసిపోయింది తర్వాతే అనుకుంటా. ఐరిష్ సన్యాసుల అలవాటుతో పాపాల ఒప్పుకోలు ఒక మనిషి చెవిలో చెప్పుకునేదైంది, 1215లో పోప్ పిలిచిన సభ దాన్ని ఏడాదికోసారి తప్పనిసరి చేసింది, 1517లో ప్రొటెస్టెంట్ ఉద్యమానికి దారి వేసిన లూథర్ తన మొదటి వాదనలోనే విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే అన్నాడు. అందులో తప్పేం లేదు, కానీ కాలం గడిచేకొద్దీ మనవాళ్ళు దాన్ని నాకూ దేవుడికీ మధ్య విషయం అని కుదించేశారు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు వెస్లీ మాత్రం 1738లో చిన్న గుంపులకి రూల్స్ రాస్తూ పోయినసారి కలిసినప్పటి నుంచి తెలిసి ఏ పాపం చేశావని ఒకరినొకరు అడిగేలా పెట్టాడు. మొహమాటం లేని మనిషి.

అవతలివైపు వాదన ఒకటే, యోహాను మొదటి పత్రిక 1:9, "సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును". నిజమే, ఎవరూ కాదనట్లేదు. కానీ పన్నులు వసూలు చేసే జక్కయ్య ఉత్తి మాటతో ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, నష్టపోయినవాళ్ళ సంగతి కూడా మాట్లాడాడు. యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకిన పేతురు ఉన్నాడుగా అంటారు. ఉన్నాడు, మిగతా శిష్యులు పక్కనుండగానే "నన్ను ప్రేమిస్తున్నావా" అని యేసు చేత మూడుసార్లు ప్రశ్న వేయించుకున్నాడు, గొర్రెలు మేపమని అప్పగించింది కూడా యేసే, పేతురు తనకి తాను అనౌన్స్ చేసుకోలేదు.