డిస్కుకు చేరని రాతలు: ఎఫ్‌సింక్ సమస్య వెనక నలభై ఏళ్ల కథ

కిందటి సంక్రాంతికి మా పిన్ని కూతురి నిశ్చితార్థం ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. స్క్రీన్ మీద కాపీ గీత చివరిదాకా వెళ్లి మాయమైంది. పెన్‌డ్రైవ్ మీది చిన్న లైటు మాత్రం ఇంకా మిణుకుమిణుకుమంటూనే ఉంది. బస్సుకు టైమైపోతోందని పీకేశాను. వాళ్లింట్లో టీవీకి పెడితే సగం ఫొటోలు తెరుచుకోలేదు. పిన్ని ఏమీ అనలేదు కానీ ఆ ముఖం నాకింకా గుర్తుంది.

ఆ లైటు ఎందుకు వెలుగుతోందో తెలిస్తే, 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారీదారులకు నిద్ర లేకుండా చేసిన ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకు చేరేలా చూడమని ప్రోగ్రాము అడిగే పిలుపు) సమస్య కూడా సగం అర్థమైనట్టే.

ఏ ప్రోగ్రామైనా ‘ఈ డేటా రాయి’ అని అడిగితే, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాన్ని వెంటనే డిస్కుకు పంపదు. ర్యామ్‌లోని పేజీ కాష్‌లో, అంటే పేజీలనే చిన్న ముక్కలుగా డేటాను తాత్కాలికంగా దాచుకునే చోట పెట్టుకుని ‘అయిపోయింది’ అని చెప్పేస్తుంది. డిస్కు నిదానం కాబట్టి, ప్రతిసారీ దాని కోసం ఆగితే ఏ పనీ సాగదు. మెమరీలో మారి డిస్కులో ఇంకా మారని పేజీని డర్టీ పేజీ అంటారు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మామూలు సెట్టింగుల్లో కెర్నల్ ప్రతి 5 సెకన్లకు ఒకసారి చూసి, 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను డిస్కుకు తోస్తుంది. వాడుకోగల మెమరీలో 10 శాతం డర్టీ అయితే వయసు చూడకుండానే మొదలుపెడుతుంది. 20 శాతానికి చేరితే రాస్తున్న ప్రోగ్రామునే ఆపి నిలబెడుతుంది. 16 జీబీ ఖాళీగా ఉన్న కంప్యూటర్లో 10 శాతమంటే 1.6 జీబీ. సెకనుకు 5 ఎంబీ మాత్రమే రాయగల పెన్‌డ్రైవ్‌కు అది ఐదు నిమిషాలు దాటే పని. గీత ముందే పూర్తయి లైటు తర్వాత కూడా వెలిగేది ఇందుకే.

ఆ 30 సెకన్ల అంకె కొత్తదేమీ కాదు. 1970లలోని యూనిక్స్‌లోనూ అప్‌డేట్ అనే చిన్న ప్రోగ్రాము 30 సెకన్లకోసారి సింక్ అని పిలిచి కాష్‌ను డిస్కుకు పంపించేది. అయితే ఆ సింక్ పని మొదలుపెట్టేదే కానీ పూర్తయ్యేదాకా ఆగేది కాదు. అందుకే మెషీన్ ఆపే ముందు ఆపరేటర్లు సింక్ అని మూడుసార్లు, మూడు వేర్వేరు వరుసల్లో టైప్ చేసేవారు. మూడోసారి కొట్టేలోపు డిస్కు పని అయిపోతుందన్న నమ్మకం. అవసరం పోయాక కూడా ఆ అలవాటు చాలామంది చేతుల్లో మిగిలిపోయింది.

బ్యాంకు లెక్కల్లాంటి వాటికి ఆ నమ్మకం చాలదు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంలో ఎఫ్‌సింక్ కనిపిస్తుంది. ఈ ఒక్క ఫైలూ డిస్కుకు చేరేదాకా నేను కదలను, చేరకపోతే నాకు చెప్పు అని అడగడమన్నమాట. మామూలు రైట్ అంటే ఉత్తరం డబ్బాలో వేయడం. ఎఫ్‌సింక్ అంటే రిజిస్టర్ పోస్టు చేసి, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చేదాకా ఎదురుచూడడం. ఆ కార్డు మీదా పూర్తి భరోసా లేదు. డిస్కుల్లోపలే సొంత కాష్ ఉంటుంది. మాక్‌లో మామూలు ఎఫ్‌సింక్ ఆ కాష్‌ను ఖాళీ చేయించదు, దానికి వేరే కమాండ్ ఉంది.

లైనక్స్‌లో డర్టీ పేజీలను డిస్కుకు తోసే (ఫ్లష్ చేసే) బాధ్యత చాలా చేతులు మారింది. మొదట బీడీఫ్లష్, తర్వాత పీడీఫ్లష్. 2009 చివర్లో వచ్చిన కెర్నల్ 2.6.32లో జెన్స్ ఆక్స్‌బో చేసిన మార్పుతో డిస్కుకొక ఫ్లషర్ థ్రెడ్ ఏర్పడింది. ఈలోగా ఎఫ్‌సింక్‌కు చెడ్డపేరు కూడా వచ్చింది. ఫైళ్లను డిస్కులో సర్దే పద్ధతుల్లో (ఫైల్ సిస్టమ్‌లలో) ఒకటైన ఈఎక్స్‌టీ3లో ఒక ఫైలుకు ఎఫ్‌సింక్ అడిగితే పక్క ప్రోగ్రాముల డేటా కూడా కలిసి డిస్కుకు వెళ్లాల్సి వచ్చేది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 వాడినవాళ్లకు బ్రౌజర్ ఆగాగి నడవడం ఇందువల్లే. దాంతో చాలామంది ఎఫ్‌సింక్ అడగడమే మానేశారు. మరుసటి ఏడు ఈఎక్స్‌టీ4 వాడకంలోకి వచ్చింది. అది డిస్కులో చోటు కేటాయించడాన్ని కావాలనే ఆలస్యం చేస్తుంది. కరెంటు పోయి వచ్చేసరికి కొందరి సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలాయి. ఈఎక్స్‌టీ4ను చూసుకునే థియోడర్ చో కెర్నల్ 2.6.30లో కొన్ని సందర్భాలకు సర్దుబాటు చేశారు.

ఇవన్నీ అడగని వాళ్లకు జరిగిన నష్టాలు. అడిగినవాళ్లకూ నష్టం జరుగుతుందని 2018 మార్చిలో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ క్రెయిగ్ రింగర్ బయటపెట్టారు. పోస్ట్‌గ్రెస్ మార్పులన్నిటినీ ముందు లాగ్‌లో రాసుకుంటుంది. కొంతసేపటికోసారి చెక్‌పాయింట్ పెట్టి, అసలు ఫైళ్లకు ఎఫ్‌సింక్ అడిగి, అంతా చేరిందని తేలాక పాత లాగ్‌ను వదిలేస్తుంది. ఒకచోట స్టోరేజీలో లోపం వల్ల ఎఫ్‌సింక్ ఎర్రర్ ఇచ్చింది. పోస్ట్‌గ్రెస్ మళ్లీ అడిగింది. రెండోసారి ‘సరే’ అని జవాబొచ్చింది. చెక్‌పాయింట్ పూర్తయింది, లాగ్ పోయింది. కానీ ఆ డేటా డిస్కుకు ఎప్పుడూ చేరలేదు. మొదటిసారి రాత విఫలం కాగానే కెర్నల్ ఆ పేజీలకున్న డర్టీ గుర్తు తీసేసి చేతులు దులుపుకుంది. రెండోసారి అడిగేసరికి పంపడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ‘సరే’ అంది.

ఇంత దారుణంగా ఎందుకు కట్టారు? కెర్నల్ వాళ్లు ఇచ్చిన జవాబు నన్ను మళ్లీ సంక్రాంతికి తీసుకెళ్లింది. రాతలు విఫలమయ్యే మామూలు కారణం ఎవరో పెన్‌డ్రైవ్ పీకేయడమే. ఇక తిరిగిరాని పెన్‌డ్రైవ్ పేజీలను డర్టీగానే పట్టుకుని కూర్చుంటే మెమరీ నిండిపోయి మెషీన్ మొత్తం నిలిచిపోతుంది. అందుకే వదిలేస్తుంది. నా ఫొటోలకు ఆ తీర్పు న్యాయమే. డేటాబేస్‌కు కాదు. బీఎస్‌డీ వంశంలోని ఫ్రీబీఎస్‌డీ అయితే మామూలు ఎర్రర్‌కు పేజీని డర్టీగానే ఉంచి మళ్లీ ప్రయత్నిస్తుంది. నా మనసు అటే మొగ్గుతుంది.

ఎర్రర్ ఎవరికి చెప్పాలన్నది ఇంకో చిక్కు. పాత లైనక్స్‌లో మొదట అడిగినవాడికి చెప్పి తుడిచేసేది. పక్క ప్రోగ్రాము ముందుగా అడిగితే డేటాబేస్‌కు సంగతే తెలియదు. 2017లో కెర్నల్ డెవలపర్ జెఫ్ లేటన్ పనితో కెర్నల్ 4.13 నుంచి, అప్పటికే ఫైలు తెరిచి ఉన్న ప్రతి ఒక్కరికీ విడిగా తెలుస్తోంది. ఎర్రర్ వచ్చాక ఫైలు తెరిచినవాళ్లకు, అది అప్పటిదాకా ఎవరికీ చెప్పకపోతే, తెలిసేలా 2018లో ఇంకో సవరణ చేశారు. పోస్ట్‌గ్రెస్ 2019 ఫిబ్రవరిలో తన దారి మార్చుకుంది. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ అడగదు. పానిక్ అంటూ తనే ఆగిపోయి, చివరి చెక్‌పాయింట్ తర్వాతి మార్పులను లాగ్ నుంచి మళ్లీ కట్టుకొస్తుంది.

2020లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్ పరిశోధకులు ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మూడు ఫైల్ సిస్టమ్‌లనూ, ఎఫ్‌సింక్ విఫలమైతే ఏమవుతుందన్న పరీక్షకు పెట్టారు. ఎఫ్‌సింక్ విఫలమయ్యాక ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లలో ఫైలు చదివితే మెమరీలోని కొత్త డేటాయే కనిపిస్తుంది. మెమరీ నుంచి ఆ పేజీ ఖాళీ అయ్యాక, లేదా మెషీన్ రీస్టార్ట్ అయ్యాక, అదే ఫైల్లో పాత డేటా ఉంటుంది.