అంబాసిడర్ పికప్ డెల్కోలో ఉంది

విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్‌ను షెడ్డుకు తెచ్చే ఓనర్లు చెప్పే మాట దాదాపు ఒకటే: "బండి లాగట్లేదు, పికప్ లేదు." కార్బురేటర్ విప్పి కడుగుతారు, ప్లగ్గులు మారుస్తారు. అయినా లాగదు. నన్నడిగితే ముందు చూడాల్సింది డెల్కో, అంటే స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్.

పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక స్పార్క్ పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందే పడాలి. మంట సిలిండర్ అంతా పాకడానికి ఉరామరిగా రెండు మిల్లీసెకన్లు కావాలి. పిస్టన్ పైకొచ్చి దిగడం మొదలెట్టాక క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇంకో 15 డిగ్రీలు తిరిగేసరికి ఒత్తిడి గరిష్ఠానికి చేరితే ఆ తోపు బాగా పనికొస్తుంది. నిమిషానికి 800 చుట్ల ఐడిలింగ్‌లో క్రాంక్ మిల్లీసెకనుకు 5 డిగ్రీలైనా తిరగదు. 3000 దగ్గర అదే 18 డిగ్రీలు. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ఇంకా ముందుకు జరగాలి. అయితే వేగంతోపాటు సిలిండర్‌లో సుడులు పెరిగి మంట కూడా చురుగ్గా పాకుతుంది కనుక, 30 డిగ్రీల చుట్టుపక్కల సరిపోతుంది.

కంప్యూటర్ లేని రోజుల్లో ఈ పని చేసినవి రెండు ఇనుప బరువులు, రెండు స్ప్రింగులు. షాఫ్ట్ జోరందుకుంటే బరువులు బయటికి విచ్చుకుని, పాయింట్లను (తెరుచుకోగానే స్పార్క్ పుట్టించే స్విచ్చును) తెరిచే క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి. యాక్సిలరేటర్ కొంచెమే తొక్కినప్పుడు మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది. దాని సంగతి ఇంజన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపే వాక్యూమ్ డబ్బా చూసుకుంటుంది. పాయింట్లు, కాయిల్, బ్యాటరీ కలిసిన ఈ ఏర్పాటును అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో రూపొందించాడు. మన 1489 సీసీ అంబాసిడర్‌లోనూ నడిచింది అదే.

చాలా షెడ్లలో ఐడిలింగ్ దగ్గర టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, పెట్టి వదిలేస్తారు. అది ఒక్క చోట కొలత మాత్రమే. అసలు చూడాల్సింది వేగంతోపాటు స్పార్క్ ఎలా జరుగుతోందన్నది.

ఇంజన్ ఆపి, డెల్కో మూత తీసి, రోటర్‌ను (లోపల తిరుగుతూ స్పార్క్‌ను పంచే ముక్కను) అది తిరిగే దిక్కుకే చేత్తో కొద్దిగా తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చిందా, లోపల గ్రీజు గట్టిపడినట్టో స్ప్రింగ్ సాగినట్టో. రోటర్‌ను అటూ ఇటూ ఊపితే షాఫ్ట్ లూజుగా కదిలితే దాన్ని పట్టుకునే బుష్ అరిగిపోయింది. వాక్యూమ్ పైపును నోటితో పీల్చి చూడండి, పాయింట్లున్న ప్లేటు కదలాలి. కదలకపోతే వాక్యూమ్ డబ్బాలోని పల్చటి పొర, డయాఫ్రం, చిరిగి ఉండొచ్చు. తర్వాత పాయింట్ల గ్యాప్, సుమారు 0.4 మిల్లీమీటర్లు. పాయింట్ కాలు అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, స్పార్క్ వెనకపడుతుంది.

ఇప్పుడు టైమింగ్ లైటు. వాక్యూమ్ పైపు ఊడదీసి మూసేసి, లైటు క్లిప్పును ఒకటో నంబరు ప్లగ్ వైరుకు తగిలించాలి. పుల్లీ మీది గీతకు సుద్ద రాయాలి. స్పార్క్ పడ్డప్పుడల్లా లైటు వెలుగుతుంది కాబట్టి, గిర్రున తిరిగే గీత నిలబడినట్టు కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకిది గారడీలాగే ఉంటుంది! రేస్ చేస్తే గీత నింపాదిగా జరగాలి. ఒకేచోట వణికితే బుష్ అయినా, టైమింగ్ చైన్ అయినా లూజు. ఎంత రేస్ చేసినా కదలకపోతే బరువులు బిగుసుకుపోయాయి.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేయించడం ఈమధ్య ఫ్యాషన్. మంచిదే, గ్యాప్ గొడవ ఉండదు. కానీ పాత డెల్కోలోనే బిగించే కిట్లలో స్పార్క్‌ను జరిపేవి ఆ పాత బరువులే, ఆ పాత స్ప్రింగులే. సాగిన స్ప్రింగు పెట్టుకుని కిట్ కొనడం దండగ.

పాత మాన్యువల్‌లోని టైమింగ్ అంకె ఆనాటి పెట్రోలుకు రాసింది. దాంతో మొదలుపెట్టి, ఆఖరి సర్దుబాటు రోడ్డు మీద చేయాలి. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు లాంటి ఎక్కుడు ఇందుకు బాగుంటుంది, అదీ ఎండ మండే మధ్యాహ్నం, ఎందుకంటే వేడి గాలికి నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి కాలే టకటక చప్పుడు, త్వరగా బయటపడుతుంది. టకటక వినిపిస్తే డెల్కోను రోటర్ తిరిగే దిక్కుకు వెంట్రుకవాసి తిప్పి బిగించాలి. అక్కడ ఒక డిగ్రీ అంటే క్రాంక్ దగ్గర రెండు. చప్పుడు లేకుండా బండి ఈడ్చుకుంటూ ఎక్కుతూ, ఇంజన్ వేడెక్కుతోందంటే ఎదురు దిక్కుకు తిప్పాలి.