పీబీఎల్ అంటే గ్రూపులు వేసి వదిలేయడం కాదు: అపోహలు – వాస్తవాలు

విశాఖలో ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతూ, సమస్య ఆధారిత అభ్యసనం మీద పరిశోధన చేస్తున్నాను. ఇంగ్లిష్‌లో ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్ కాబట్టి మేమంతా పీబీఎల్ అంటాం. దీని గురించి తోటి అధ్యాపకుల దగ్గర తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: ఇది ప్రాజెక్టు వర్కే కదా!

వాస్తవం: మన దగ్గర సాధారణంగా పాఠం అయ్యాక ప్రాజెక్టు ఇస్తాం. పీబీఎల్‌లో సమస్యే ముందు. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య కళాశాల ఈ పద్ధతితో మొదలైంది. రోగి కేసు ముందు పెట్టేవారు, దానికి ఏం చదవాలో విద్యార్థులే తేల్చుకోవాలి.

అపోహ: మాస్టారికి పని తగ్గుతుంది.

వాస్తవం: పెరుగుతుంది. అసలు కష్టమంతా సమస్యను తయారు చేయడంలోనే ఉంది. మొదటిసారి నేను "ఆర్కే బీచ్ కోతకు కారణాలు రాయండి" అని ఇచ్చాను. అన్ని టీములూ నెట్‌లో దొరికిన ఒకే జవాబు తెచ్చాయి. తప్పు నా ప్రశ్నది. మరుసటి ఏడాది మార్చాను: "నైరుతి గాలుల కాలంలో ఇసుక తీరం వెంట ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ దాన్ని అడ్డుకుంటుంది. అందుకే అక్కడ తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోస్తారు. ఎక్కడ పోస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది?" ఈసారి నెట్‌లో జవాబు లేదు. పిల్లలు మత్స్యకారులుండే పెదజాలరిపేట వెళ్లారు. అక్కడొక తాత తెడ్డు కొసతో తడి ఇసుకలో గీత గీసి, వలలు ఆరబెట్టే చోటు ఏ నెలలో ఎంత వెనక్కి జరుపుకుంటారో చూపించాడట. ఆ గీతను ఒకమ్మాయి నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. మా క్లాసులో ఆ ఏడాది చర్చంతా ఆ పేజీ చుట్టూనే నడిచింది.

అపోహ: వేర్వేరు దేశాల వాళ్లను ఒక టీములో వేస్తే సంస్కృతులు వాటంతట అవే అర్థమవుతాయి.

వాస్తవం: కావు. కలిసి మెలిసి ఉండటం వల్ల దురభిప్రాయాలు తగ్గాలంటే సమాన హోదా, ఒకే లక్ష్యం, పరస్పర సహకారం, పైవాళ్ల మద్దతు కావాలని అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్పోర్ట్ 1954లోనే చెప్పాడు. మా క్లాసులో ఒక టీములో ఇథియోపియా కుర్రాడికి తెలుగు రాదని పీపీటీ పని అంటగట్టారు. చర్చంతా తెలుగులో సాగిపోయింది, అతను ల్యాప్‌టాప్ వెనక ఉండిపోయాడు. నాకు చాలా బాధేసింది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో చర్చ నడిపేవారు, రాసుకునేవారు అని విద్యార్థులకే బాధ్యతలు ఇస్తారు. మేమూ వారం వారం మార్చడం మొదలుపెట్టాం. అతను చర్చ నడిపిన రోజు, అందరూ తెలుసనుకుని దాటేసిన ప్రతి మాటకూ మిగతావాళ్లు అతనికి అర్థం చెప్పాల్సి వచ్చింది. సగం మాటలు మా వాళ్లకే సరిగా తెలియవని అప్పుడు బయటపడింది.

అపోహ: విదేశీ విద్యార్థులు లేని కాలేజీకి ఇలా బాధ్యతలు మార్చడం అక్కర్లేదు.

వాస్తవం: మన్యంలోని పాడేరు నుంచి వచ్చిన కుర్రాడూ అదే టీములో అంతే మౌనంగా ఉన్నాడు. అతన్ని నేను ఆలస్యంగా గమనించాను.

అపోహ: పరీక్షల్లో మార్కులు పెరుగుతాయి.

వాస్తవం: అలా హామీ ఇవ్వలేం. 1993లో వైద్య విద్యపై వచ్చిన సమీక్షల్లో, శరీర నిర్మాణం వంటి మూల శాస్త్రాల పరీక్షల్లో పీబీఎల్ విద్యార్థులు కాస్త వెనకబడ్డారు, రోగిని చూసే నేర్పులో ముందున్నారు. కొత్తవాళ్లను దారి చూపకుండా వదిలేస్తే బుర్ర మీద భారం ఎక్కువవుతుందని 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు విమర్శించారు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. అందుకే ఫస్టియర్ వాళ్లకు ప్రతి మెట్టులో పక్కనే ఉంటాను.

ఈ సెమిస్టర్ సమస్య విశాఖలోని ముడసర్లోవ జలాశయం. మొదటి వారం చర్చ నడిపేది పాడేరు కుర్రాడు.