అమీన్‌పూర్ చెరువు: నీరు తగ్గినప్పుడు బతికే నేల

హైదరాబాద్ శివారులో, మియాపూర్ దాటాక సంగారెడ్డి జిల్లాలో ఉన్న అమీన్‌పూర్ పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు; దేశంలో ఒక నగర చెరువుకు ఈ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా ఫ్లెమింగోలు, గూడబాతులు ఇక్కడికి రావడానికి ముఖ్య కారణం, నా దృష్టిలో, నీటి విస్తీర్ణం కన్నా నీటి మట్టం కాలంతోపాటు మారడమే.

దక్కను చెరువుకు సాధారణంగా ఒకవైపే కట్ట ఉంటుంది. ఎదురువైపు నేల మెల్లగా వాలుతూ నీటిలోకి దిగుతుంది. వానలకు మునిగి, వేసవికి బయటపడే ఈ శిఖం భూమిలో ఎండాకాలం మొలిచిన గడ్డి, పశువుల పేడ మళ్లీ నీరు చేరగానే కుళ్లి సూక్ష్మజీవులకు, వాటి ద్వారా పురుగులకు ఆహారమవుతాయి. దోమను పోలి ఉన్నా కుట్టని ఒక జాతి కీటకాల పిల్లపురుగులు ఆ బురదలోనే పెరుగుతాయి. మన రక్తంలో ఉన్నట్టే వాటిలోనూ హిమోగ్లోబిన్ ఉండడం వల్ల అవి ఎర్రగా కనిపిస్తాయి, ఆక్సిజన్ తక్కువగా ఉన్న బురదలోనూ బతకగలుగుతాయి. చలికాలంలో నీరు వెనక్కి తగ్గుతున్నకొద్దీ కొత్త బురద అంచు బయటపడుతుంది. వలస వచ్చిన ఉల్లంకి పిట్టలకు అదే మేత. మరికాస్త లోతులో ఫ్లెమింగో ముక్కును తలకిందులుగా ముంచి, నాలుకను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నీటిని లాగి వదులుతుంది. ముక్కు అంచుల్లోని సన్నని పొరలు చిన్న జీవులను, నాచును వడకట్టి ఆపుతాయి. లోతు నీరు నీటికాకులది, బుడబుంగలది. వేసవిలో ఎండిన శిఖంపై తీతువు గూడు కట్టకుండానే, నేల రంగులో కలిసిపోయే గుడ్లు పెడుతుంది.

శివారు చెరువుల్లోకి మురుగునీరు ఏడాదంతా చేరితే ఈ క్రమం చెడుతుంది. వేసవిలోనూ శిఖం మునిగే ఉంటుంది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క నీటిని కప్పేస్తుంది. అడుగుకు వెలుతురు అందదు, కుళ్లే ఆకులు ఆక్సిజన్‌ను హరిస్తాయి, చేపలు చస్తాయి. సుందరీకరణ పేరుతో వాలు అంచును తవ్వి నిలువు రాతిగోడ కట్టడం కూడా అంతే హాని అని నేను నమ్ముతాను. గోడ పక్కన నీరు ఒక్కసారిగా లోతవుతుంది కాబట్టి ఉల్లంకి పిట్టకు నిలబడే చోటు ఉండదు. మట్టిగట్టులో బొరియ తవ్వి పిల్లలను పెంచే లకుముకి పిట్టకు ఆ గట్టే మిగలదు.